ఎలుగుపిల్లను రమ్మనలేదు

నవంబర్ 2, ఆదివారం. మహబూబాబాద్

శ్రీనిక వచ్చి వారం దాటింది. గోడల మీద రంగు పెన్సిలు గీతలు పడుతున్నాయి. పెరుగు ఏ పూటకాపూట అయిపోతోంది. నాకు మధ్యాహ్నం నిద్ర లేదు. ఇవేవీ ఫిర్యాదులు కావు.

చెల్లెలు సుష్మితకు ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరు చెప్పిందట. చిట్యాలలో వాళ్ళ కిరాణం కొట్టు, పెద్దపిల్ల బడి, ఇంటి చాకిరీ, వీటన్నిటి మధ్య నాలుగేళ్ళ పిల్లను ఎవరు చూస్తారు? అందుకే నా దగ్గరికి పంపింది. "కాన్పు అయ్యేదాకనే అక్కా" అంది ఫోన్‌లో. పెట్టేసే ముందు మళ్ళీ అంది, కాన్పు అయ్యేదాకనే అని.

పిల్లను దింపడానికి వచ్చిన వాళ్ళ అత్తగారు మాత్రం వంటింట్లో నాతో వేరేలా మాట్లాడింది. "ముగ్గుర్ని సాకుడంటె అయ్యే పని కాదు బిడ్డా. నీకా, దేవుడు ఇయ్యకపాయె. ఈ పిల్ల నీ దగ్గర్నే ఉంటె తప్పేంది? పెద్దోళ్ళం కూసోని మాట్లాడుకుందాం."

చాయ్ గ్లాసులు కడిగాను.

ఆ మాట గురించి నేను ఆలోచించడం లేదు.

నవంబర్ 5, బుధవారం

ఇవాళ కూడా ఆలోచించలేదు. పిల్లకు రెండు గౌన్లు కొన్నాను. కాస్త వదులుగానే ఉన్నాయి. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి.

నవంబర్ 9, ఆదివారం

మా ఆయన హనుమకొండ నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకం శ్రీనికకు నోటికి వచ్చేసింది. గాలివానకు గూడు పోయిన ఒక ఎలుగుపిల్ల ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంది. పుట్టలో తల పట్టదు. కాకి గూట్లో కూర్చుంటే కొమ్మ విరుగుతుంది. చివరికి అడవిలో అందరూ కలిసి రాళ్ళు పేర్చి దానికో గుహ కడతారు. రోజుకు ఎన్నిసార్లు చదువుతున్నానో లెక్కలేదు. ఒక్క మాట తప్పినా ఒప్పుకోదు. "గట్ల కాదు పెద్దమ్మా, మల్ల చదువు" అంటుంది.

మధ్యాహ్నం జనగామ నుంచి ఉమారాణి వదినె ఫోన్ చేసింది. మా పుట్టింటి పక్కిల్లు. అమ్మ పోయాక ఆ వీధికి నేను వెళ్ళడమే తగ్గిపోయింది. "వచ్చే ఐతారం పిల్లల నాటకం పెడుతున్నరే ఈడ. ఎలుగుపిల్లకు ఇల్లు లేదట, గదేదో బొమ్మల పుస్తకం కథ. మీ సుష్మిత బిడ్డ నీ తాననే ఉన్నదట గదా, తోల్కరా" అంది.

అదే పుస్తకం! శ్రీనికతో చెబితే, "బొమ్మలు నడుస్తయా?" అని అడిగింది.

జాతర వస్తోంది, మొక్కులకు బెల్లం కావాలి కాబట్టి ఆయన తన కొట్టులో బెల్లం లోడ్ల పనిలో ఉన్నారు. "చిన్నపిల్లను రైల్ల అంత దూరం ఎందుకు? ఇంట్ల సదివి చెప్తనే ఉన్నవ్ గదా" అన్నారు. నేను తీసుకుపోతానన్నాను.

జనగామలో ఒక పిల్ల చేయి పట్టుకుని నడవబోతున్నాను.

నవంబర్ 16, ఆదివారం

జనగామ వెళ్ళి వచ్చాం. నాటకం బాగుంది. పిల్ల సంతోషించింది. రైలు ఆలస్యం. ఇద్దరం అలసిపోయాం.

నవంబర్ 17, సోమవారం

శ్రీనిక నెమ్మదిగా ఉంది. రైలు కిటికీ దగ్గర గాలి తగిలిందేమో. ఒళ్ళు వేడి లేదు. అన్నం పెడితే తింది. పెట్టేదాకా అడగలేదు.

పుస్తకం తెచ్చి ఒళ్ళో పెడితే పక్కకు జరిపింది.

నవంబర్ 18, మంగళవారం

నాటకం గురించి సరిగా రాయలేదు.

ఫంక్షన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వేదిక మీద ఆకుపచ్చ చీరలు వేలాడదీసి అడవి చేశారు. నేను గద్వాల చీర కట్టుకుని వెళ్ళాను. పిల్లల నాటకానికి గద్వాల చీర ఎందుకని ఎవరూ అడగలేదు. కుర్చీల మధ్య నడుస్తుంటే మా వీధివాళ్ళు కనిపించారు, నాతో చదువుకున్నవాళ్ళు కనిపించారు, అందరి చేతుల్లోనూ పిల్లలే. నా చేతిలోనూ ఉంది.

గోనెసంచికి నల్లరంగు వేసి, ఉన్ని దారాలు కుట్టుకుని వచ్చాడు ఎలుగుపిల్ల వేషగాడు. శ్రీనిక ప్రతి పేజీ ముందే చెప్పేస్తోంది. "ఇప్పుడు పుట్ట వస్తది చూడు" అంది. పుస్తకంలో కదలకుండా ఉండే పుట్ట నాలుగు కాళ్ళతో నడుచుకుంటూ వచ్చేసరికి నోరు తెరిచి నా మొహం చూసింది. దాని సంతోషం నా ఒంట్లోకి వచ్చింది. అది మాత్రం నిజం.

తర్వాత వాన. వెనక ఎవరో రేకు ఊపితే ఉరుములు. ఎలుగుపిల్ల రాయి మీద ముడుచుకుని కూర్చుని, "నాకు పట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా?" అని జనం వైపు చూసి ఏడ్చింది. పుస్తకంలో దీనికి ఎవరూ జవాబు చెప్పరు. పేజీ తిప్పడమే.

శ్రీనిక కుర్చీ ఎక్కి నిలబడింది. "ఓ ఎలుగుపిల్లా! మా పెద్దమ్మోళ్ళ ఇంటికి రా! మస్తు పెద్దిల్లు. ఆడ పిల్లలు లేరు. ఎవ్వలు లేరు. అంత జాగ నీకే!"

హాలంతా నవ్వింది. ఆ వేషగాడు కూడా ఆట ఆపి రెండు చేతులూ జోడించాడు. "వస్త బిడ్డా! మీ పెద్దమ్మను ఒక్క మాట అడిగి చెప్పరాదూ?"

అందరూ నా వైపు తిరిగారు. "పెద్దమ్మా, రమ్మను" అంది శ్రీనిక. "జల్ది చెప్పు, వానల తడుస్తుంది."

నాకు నోరు రాలేదు. పిల్లను కూర్చోబెట్టాను. నాటకం మళ్ళీ సాగింది.

అంత మంది ముందు ఆ మాట వింటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

నవంబర్ 19, బుధవారం

కూర్చోబెట్టాను అని రాశాను. రెక్క పట్టుకుని లాగాను. నా గాజు గీసుకుని దాని మోచేతి మీద ఎర్రగా లేచింది. ఏడవలేదు. గుహ కట్టేటప్పుడు పిల్లలంతా చప్పట్లు కొట్టారు, అది కొట్టలేదు.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఉమారాణి వదినె పట్టుకుంది. ఆమె చుట్టూ ఇంకో నలుగురు. "పిల్ల ఉన్న మాటనే అన్నది గదనే, నవ్వాగలే మాకు. ఇంతకు మీ చెల్లె నీకు ఇచ్చిందా ఏంది దీన్ని?"

"ఆ, ఇచ్చింది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. తెలుసు.

"మంచి పని చేసింది" అన్నారు వాళ్ళంతా. ఒకామె నా భుజం నిమిరింది. శ్రీనిక కింది నుంచి మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

నవంబర్ 20, గురువారం

పక్క తడిపింది. వచ్చినప్పటి నుంచి ఇదే మొదటిసారి. నేను కోప్పడలేదు. కోప్పడతానేమోనని తనే దుప్పటి మడిచి మూలకు పెట్టింది.

నవంబర్ 22, శనివారం

పొద్దున సుష్మిత ఫోన్ చేస్తే శ్రీనిక రాలేదు. మొన్న కూడా రాలేదు. "ఆటల పడ్డది" అని చెప్పాను. అది ఆడుకోవడం లేదు. నా కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "అమ్మతో మాట్లాడవా?" అంటే తల అడ్డంగా ఊపింది. నేను ఎక్కడికి వెళితే అక్కడికి వస్తోంది. స్నానాల గది బయట కూడా కూర్చుంటోంది.

నాకు సంతోషం కలగలేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఒక పూట కలిగింది.

సాయంత్రం ఆయన కొట్టు నుంచి వచ్చి పిల్లను ఎత్తుకోబోతే నా వెనక్కి జరిగింది. ఇదివరకు ఆయన బండి చప్పుడు వింటే వాకిట్లోకి ఉరికేది.

"పిల్ల ఎందుకట్లున్నది? ఏమన్నవ్ నువ్వు?" అన్నారు.

"నేనేమంట? ఏమనలే."

"వనమాలా."

"ఏమనలే అంటున్న గదా!"

నా గొంతుకు పిల్ల ఉలిక్కిపడింది.

నవంబర్ 24, సోమవారం

రైల్లో జరిగింది రాస్తాను. రాయకపోతే జరగనట్టు ఉంటుందని ఇన్నాళ్ళూ రాయలేదు. అలా ఉండడం లేదు.

జనగామలో ఎక్కాం. కిటికీ సీటు దానికిచ్చాను. కాసేపు బయటికి చూసి, "పెద్దమ్మా, అమ్మ నీకు ఏమిచ్చింది?" అని అడిగింది.

అప్పుడైనా ఏదో ఒకటి చెప్పవచ్చు. చీర ఇచ్చింది అనవచ్చు. నవ్వేయవచ్చు. నా చెవుల్లో ఇంకా ఆ హాలు నవ్వుతోంది. ఆడ పిల్లలు లేరు, ఎవ్వలు లేరు. నాలుగేళ్ళ పిల్ల మీద నాకు కోపం. ఇన్నేళ్ళుగా ఎవరి మీదా చూపించలేని కోపమంతా తెచ్చి దాని ముందు పెట్టాను.

"నిన్నే ఇచ్చింది. మీ అమ్మకు ఇంకో పాప వస్తది గదా, అందుకని నిన్ను నాకు ఇచ్చేసింది. ఇగ నువ్వు ఆడికి పోవు. మా ఇంట్ల పిల్లలు లేరంటివి గదా, ఇగ నువ్వే ఉందువు."

గొంతు పెంచలేదు. మెల్లగానే చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మేం ముచ్చట్లాడుకుంటున్నామనుకుని చిరునవ్వు నవ్వాడు.

శ్రీనిక కిటికీ వదిలి నా వైపు తిరిగింది. "నా సైకిల్ గూడ ఇచ్చిందా?" అంది.

"కొత్తది కొనిస్త."

"మరి లాస్యక్కను?"

"లాస్యక్కను ఇయ్యలే. నిన్నే."

కాజీపేట వచ్చాక పడుకుంది అనుకున్నాను. మహబూబాబాద్‌లో దింపుకుంటుంటే చూశాను, కళ్ళు తెరిచే ఉన్నాయి.

సుష్మిత పిల్లను ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. వాళ్ళ అత్తగారు వంటింట్లో ఒక మాట అంది, నేను గౌన్లు కొన్నాను.

నవంబర్ 25, మంగళవారం

ఇవాళ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఆ దినం రైల్ల నేను అబద్ధం చెప్పిన బిడ్డా. అమ్మ నిన్ను ఎవ్వలకు ఇయ్యలే. చెల్లె పుట్టంగనే నిన్ను తోల్కపోతది."

"సరే" అంది.

"నిజం బిడ్డా."

"సరే పెద్దమ్మా."

నేను ఏం చెప్పినా సరే అంటోంది. పాలు తాగు అంటే సరే. పడుకో అంటే సరే. ఇలాంటి పిల్ల కావాలని ఎవరైనా అడుగుతారా?

సుష్మితకు ఫోన్ చేయాలి. మంచం మీద ఉన్న మనిషికి ఇలాంటి మాట చెప్పకూడదు కదా. కాన్పు అయ్యాక చెబుతాను. అప్పటికి పిల్ల మామూలవుతుంది.

నవంబర్ 30, ఆదివారం

సుష్మిత వచ్చింది.

చెప్పలేదు, ఫోన్ చేయలేదు. వాకిట్లో కారు ఆగింది. ఆమె భర్త చంద్రమోహన్ ముందు దిగి వెనక తలుపు తీశాడు. వెనక సీటులో రెండు దిండ్ల మీద ఒరిగి పడుకుని వచ్చింది నా చెల్లెలు. కదలొద్దని డాక్టరు చెప్పిన మనిషి చిట్యాల నుంచి ఇంత దూరం. మొహం పాలిపోయి ఉంది.

"పది దినాలాయె, నా బిడ్డ నాతోని మాట్లాడక" అంది గుమ్మంలోనే. "జ్వరమొచ్చిందా అక్కా? ఏమన్న దాస్తున్నరా నాతోని?"

ఆయన దివాన్ మీద పడుకోబెట్టారు. శ్రీనిక నా వెనక నిలబడి రెండు చేతులతో నా చీర పట్టుకుంది.

"రా బిడ్డా" అని చేయి చాపింది సుష్మిత.

శ్రీనిక కదలలేదు.

"అమ్మ మీద అలిగినవా? రా, నా తల్లి గదా."

"నేను రాను. నువ్వు నన్ను పెద్దమ్మకు ఇచ్చినవ్ గదా" అంది శ్రీనిక. కోపంగా కాదు. తెలిసిన సంగతి చెప్పినట్టు. "నువ్వు ఇంకో పాపను తెచ్చుకుంటున్నవ్ గదా."

సుష్మిత చేయి గాలిలోనే ఆగింది. మెల్లగా భర్త వైపు తిరిగింది. "మీ అమ్మనేనా? దింపనీకి వచ్చినప్పుడు పిల్ల ముందల అన్నదా ఈ మాట?"

చంద్రమోహన్ తెల్లబోయాడు. "అమ్మ పిల్లతోని ఎందుకంటది?"

"నాతోని అన్నది గదా ఒకసారి. పిల్లతోని అనకుంటదా?"

నేను నోరు విప్పలేదు. ఇది కూడా రాయాలి. ఆ ముసలావిడ మీదికి పోతోంది నింద, పోనీ అనుకున్నాను. వాళ్ళిద్దరూ గొంతులు పెంచుకుంటున్నారు, సుష్మిత పొట్ట పట్టుకుని లేచి కూర్చుంటోంది, నేను చూస్తూ నిలబడ్డాను. మా ఆయన నా వైపు చూశారు. ఆయనకు అప్పటికే అర్థమైంది. అది నేను చెప్పాల్సిన మాట.

"నేనే అన్న" అన్నాను.

"ఏంది?"

"మీ అత్త కాదు. నేనే అన్న. జనగామ నుంచి వస్తుంటె రైల్ల. నువ్వు నాకు ఇచ్చేసినవని చెప్పిన."

సుష్మిత నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎందుకక్కా?"

హాలు నవ్విందని చెప్పనా?

"నీ దగ్గరున్నదని గుండెల మీద చెయ్యేసుకోని పండుకున్ననక్కా నేను" అంది. "మంచంల ఉన్న గని, చిన్నదాని ఫికరు లేదనుకున్న. ఎవ్వరన్న అడిగితె గదే చెప్పిన, మా అక్క దగ్గరున్నది, నాకన్న మంచిగ చూస్తదని."

చంద్రమోహన్ పిల్ల బట్టలు సర్దాడు. నేను సర్దబోతే "వద్దు వదినె" అన్నాడు. శ్రీనికను ఎత్తుకున్నప్పుడు నా చీర వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. విప్పింది నేనే. తల్లి పక్కన కూర్చోబెడితే కారు తలుపుకు ఆనుకుని బిగుసుకుని కూర్చుంది. వాళ్ళమ్మ దాని తల మీద చేయి పెట్టి ఏదో చెబుతూనే ఉంది. కారు తిరిగేదాకా చూశాను. దాని మొహం మారలేదు.

ఆయన భోజనం చేయలేదు. "నేను అడిగితె అబద్ధం చెప్తివి" అన్నారు. అంతే అన్నారు.

డిసెంబర్ 4, గురువారం

చెల్లెలు ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్ 13, శనివారం

ఎత్తలేదు.

డిసెంబర్ 21, ఆదివారం

రమ్మను అంటే సరిపోయేది. "రమ్మను బిడ్డా, మనింట్ల జాగ ఉన్నది" అని నేనూ కుర్చీలో నుంచి లేచి అరిచి ఉంటే ఆ హాలు ఇంకా గట్టిగా నవ్వేది, చప్పట్లు కొట్టేది. శ్రీనిక దారంతా ఎలుగుపిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది అని అడుగుతూ వచ్చేది. వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పేది.

ఎగతాళి అనుకున్నాను. అది ఎగతాళి కాదు. తనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్ద ఇల్లు నాది. వానలో తడుస్తున్న పిల్లకు ఇచ్చేసింది.

ఆ నవ్వులో నన్ను చూసి నవ్వినవాళ్ళు ఎందరున్నారో ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఒక్క మొహం గుర్తుకు రావడం లేదు.

జనవరి 12, సోమవారం

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. చంద్రమోహన్ ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

చిట్యాల వెళ్ళి వచ్చాను.

మూడు రోజుల కింద సుష్మితే ఫోన్ చేసింది. "ఐతారం పాపను తొట్లెల వేస్తున్నం. రా అక్కా. నువ్వు రాకుంటె నలుగురు అడుగుతరు." అందుకే పిలిచింది. అందుకైనా పిలిచింది. ఆయన రానన్నారు. జాతర అయిపోయినా పరకాల బస్సులో కాలు పెట్టే చోటు లేదు, నిలబడే వెళ్ళాను.

ఇంటి ముందు పందిరి వేశారు. వాళ్ళ అత్తగారు "రా బిడ్డా" అని నీళ్ళిచ్చింది. ఆమె మొహం చూడలేకపోయాను. సుష్మిత లోపల గదిలో పాపకు పాలిస్తోంది. పాపను నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, పక్కనే కూర్చుంది. ఇదివరకైతే పెట్టి లేచి వెళ్ళేది.

"శ్రీనిక ఏది?" అని అడగడానికి చాలాసేపు పట్టింది నాకు.

పెద్దపిల్ల లాస్య చెప్పింది. "లోపల బియ్యం బస్తాల అర్రల ఉన్నది పెద్దమ్మా. సంచి పట్టుకోని ఎవ్వలొచ్చినా గట్లనే దాక్కుంటది. వాళ్ళు పోయినంకనే వస్తది. మొన్న మా అమ్మమ్మోళ్ళ ఊరి చుట్టాలొస్తె గూడ అన్నం తినలే, వాళ్ళు పోయేదాక."

"నువ్వు బయటికి పో" అంది సుష్మిత లాస్యతో. తర్వాత నాతో, మొహం చూడకుండా, "తక్కువైతుందిలే. డాక్టర్‌కు గూడ చూపించినం. టైం పడుతదన్నడు" అంది.

కొట్టు వెనక ఉన్న గది అది. తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులో నుంచి చూస్తే బస్తాల మధ్య పరికిణీ అంచు, రెండు పాదాలు కనిపించాయి. పండగ కదా, కాళ్ళకు పసుపు పెట్టారు. లోపల కదలిక లేదు. ఊపిరి బిగబట్టినట్టుంది.

తలుపు తోయాలని చేయి వెళ్ళింది. ఎత్తుకుని, ఒళ్ళో వేసుకుని, కాళ్ళు పట్టుకుని ఏడవాలని ఉంది. ఏడిస్తే నాకు తేలికవుతుంది. దానికి?

"శ్రీనికా" అన్నాను. పాదాలు వెనక్కి జరిగాయి.

"నేను పోతున్న బిడ్డా" అన్నాను. "ఒక్కదాన్నే పోతున్న."

తొట్లె పాటలు ఇంకా మొదలవలేదు. వంటలు కూడా దిగలేదు. "తినకుంట పోతరా ఎవరన్న?" అని వాళ్ళ అత్తగారు చేయి పట్టుకుంది. బస్సు లేదని చెప్పాను. సుష్మితకు తెలుసు, బస్సులు ఉంటాయని. ఆగమని అనలేదు. పందిరి దాకా వచ్చి, "ఇంటికి పోయినంక ఫోన్ చెయ్ అక్కా" అంది.

సంచి భుజానికి వేసుకుని, నేను పోవడం ఆ గది తలుపు సందులో నుంచి దానికి కనిపించేటట్టు కొట్టు ముందు నుంచే నడిచాను. ఆటో ఎక్కాను. మలుపు దగ్గర ఆపమని వెనక్కి చూశాను. కాసేపటికి శ్రీనిక గడపలోకి వచ్చింది. రోడ్డు అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత పందిట్లోకి పరిగెత్తి పిల్లల్లో కలిసిపోయింది.

"పోదామా అమ్మా?" అన్నాడు ఆటో అతను.

"పోనీ" అన్నాను.